నిద్రల నర్సింలు అననన్న మాట

"తాతా, కంపెనీ వాళ్లు నా ఫోన్‌కు సినిమా పంపిండ్రు. సోమవారం డ్యూటీల చేరే లోపల చూడమన్నరు. అందుల యాదయ్య తాత ఉన్నడు. నువ్వెందుకు లేవు?"

చూసినవా? మొత్తం చూసినవా? ఆఖర్ల ఏడ్చిండు గదా యాదయ్య. నేను ఆడనే ఉన్న బిడ్డా, కెమెరాకు ఇవతల, ప్లాస్టిక్ కుర్చీల. నా మొఖానికి కూడ పౌడర్ రాసిండ్రు. డెబ్బై దాటినోనికి పౌడర్! మీ అమ్మమ్మ ఉంటే నెల దినాలు నవ్వేది. ఈ ఫిల్మ్‌నగర్‌ల ఇన్నేండ్లు ఉండి సినిమా టాకీసు మెట్లెక్కనోన్ని నేను ఒక్కన్నే కావచ్చు. నన్ను తీస్కపోయి సినిమాల కూసోబెట్టిండ్రు.

జర ఆ ఫ్యాన్ తగ్గియ్యి. ఆఁ, చాలు.

సినిమాల ఏం చెప్పిండ్రు? యాదయ్య వానల, వరదల, రెండు రాత్రులు కన్ను మూయకుండ లారీ నడిపి కరీంనగర్ విత్తనాల షాపుకు సరుకు చేర్చిండు, ఆ పొద్దు నుంచి కంపెనీ దశ తిరిగింది. గంతే గదా? అబద్ధం. మొదటి నుంచి ఆఖరి దాంక అబద్ధం.

నేను చదివింది ఏడో తరగతి. మోతీనగర్ కాడ మా లారీల కంపెనీ గోదాం ఉండె. అప్పుడు ఈడ ఏముంది? రాళ్లగుట్టలు. షూటింగోళ్లు గుర్రాలు తెచ్చి ఉరికిచ్చేటోళ్లు, మేం లారీ మీద నిలబడి చూసేటోళ్లం. నేను కాదు, మిగిలినోళ్లు చూసేటోళ్లు. చాయ్ అర్ధ రూపాయి ఉండె. మా పెద్దసారు కృష్ణా జిల్లా ఆయన. మంచోడే, నోరు జర పెద్దది. రెండు లారీలతోని మొదలుపెట్టిండు. నేను మూటల మీద రంగుతోని ఊర్ల పేర్లు రాసేటోన్ని. ఒకనాడు పిలిచి ఏమన్నడో ఎర్కేనా? "నర్సింలూ, నువ్వు తాగవు, పేకాడవు, అబద్ధమాడవు. నీతో ఒక్కచోట కూర్చోవడం కష్టమయ్యా. ఊళ్లు తిరిగి బ్రాంచీలు పెట్టు, నేనిక్కడ ప్రశాంతంగా ఉంటాను" అన్నడు.

గట్ల మొదలైంది. నీ నౌకరి కాయితంల ఏదో రాసిండ్రు గదా, గ్రోత్ మేనేజర్ అని. ఆ పేరు లేకుండ నేను చేసింది గదే. కొత్త ఊరికి పోవుడు, బజార్ల ఒక్కొక్క షాపుకు పోయి మాట్లాడుడు, హమాలీలను కుదిర్చుడు, షెడ్డు కిరాయికి తీసుకునుడు. షాపోళ్లు మిఠాయి డబ్బా ఇస్తే తీసుకోలే. ఒకసారి తీసుకుంటే రెండోసారి వాని సరుకు ముందు ఎక్కియ్యాలె. నిజామాబాద్, ఖమ్మం, కరీంనగర్... కాదు, ఖమ్మం తర్వాత. ముందుగాల కరీంనగరే.

ఏ ఊర్ల షెడ్డు తీసుకున్నా టేబుల్ తర్వాత, ముందుగాల మంచాలు ఏపిచ్చిన. నులక మంచాలు. డ్రైవర్ లారీ దిగంగనే తాళంచెవి గోడ మీది మేకుకు తగిలియ్యాలె. స్నానం చెయ్యాలె, తినాలె, పండాలె. లేచినంక నేను వాని కండ్లు చూసి సరే అంటేనే చెవి తీయాలె. మస్తు తిట్టేటోళ్లు నన్ను. "నిద్రల నర్సింలు" అని పేరు పెట్టిండ్రు. ఈ యాదయ్యనే, "అన్నా, జోలపాట గిట్ల ఏమన్న పాడుతవా?" అని అందరి ముందు నవ్వేటోడు. నేను నవ్వలే. పండు అన్న.

ఇగ ఆ వాన సంగతి. యాదయ్య గుంటూరు నుంచి విత్తనాల లోడు తెచ్చిండు. రోడ్డు పొడుగూత వాన. మోతీనగర్‌ల దిగిండు, కండ్లు మిరపకాయలు. అదే లోడు కరీంనగర్ పోవాలె. "పోత అన్నా, నాకేం కాలే" అంటడు, నిలబడే తూలుతుండు. చెవి మేకుకు పెట్టు అన్న. అంతల కరీంనగర్ విత్తనాల షాపాయన ఫోన్. "రైతులు నా షాపు ముంగట కూసున్నరు, అదును పోతది, బండి తోలు" అని ఒకటే లొల్లి. పెద్దసారు కూడ వచ్చిండు. "ఆ చెవి ఇవ్వవయ్యా, వ్యాపారం చేస్తున్నామా, సత్రం నడుపుతున్నామా?" అన్నడు. నేను మేకు మీది చెవి తీసి నా జేబుల ఏసుకొని మంచం పక్కన కూసున్న. పెద్దసారు నన్ను తిట్టుకుంట పోయిండు. యాదయ్య గురక పెట్టిండు.

సరుకు ఒక రోజు లేటుగ పోయింది. షాపాయన దించుకున్నడు కాని, "మల్ల నీ బండి నా షాపు ముంగటికి రావద్దు" అన్నడు. గుంటూరుల మిగిలిన లోడు ఇంకో లారీ కంపెనీకి ఇచ్చిండు. వాళ్ల డ్రైవర్‌కు ఎవలు చెప్పిండ్రు పండుమని? కల్వర్టు కాడ బండి వాగుల పడ్డది. విత్తనాలన్నీ నానినయ్. డ్రైవర్... పోయిండు. ఆయన పేరు కూడ నాకు తెల్వదు. ఎవలూ చెప్పలే.

ఆ షాపాయన బస్సెక్కి మా గోదాంకు వచ్చిండు. చాయ్ కూడ తాగలే. "ఒక రోజు లేటైనా మీ బండిల పడ్డది ఇంటికొస్తది" అని, బజార్ల తెలిసినోళ్లందరికి చెప్పిండు. కరీంనగర్ షెడ్డు సరుకుతోని నిండింది, దాని ఎనక తతిమ్మా ఊర్ల షెడ్లు. కంపెనీ పెరిగింది అట్ల. యాదయ్య పండుకున్నడు గనుక పెరిగింది.

పెద్దసారు కొడుకు, చిన్నసారు, కంపెనీ చేతికి వచ్చినంక మంచాలు తీసేసిండు. జాగ దండగ అట. ర్యాకులు పెట్టిండు. నేను పోయి అడిగితే, "మీరు చాలా కష్టపడ్డారు, ఇక రెస్ట్ తీసుకోండి నర్సింలు గారూ" అని శాలువా కప్పిండు. అందరిని పండబెట్టినోన్ని, నన్ను పండబెట్టిండు.

మల్ల పిలిచింది ఈ సినిమాకే. స్టూడియో మన ఇంటికి మీదనే గదా, గుట్ట ఎక్కితే వస్తది. డైరెక్టర్ నీ ఈడోడే. కాయితం ఇచ్చి, "తాతగారూ, ఒక్క లైనండీ. మా వాళ్లు నిద్ర మానేశారు, అందుకే ఈ కంపెనీ నిలబడింది. అంతే" అన్నడు. గట్ల కాలేదు బాబూ, నిద్ర పోయిండ్రు, అందుకే నిలబడ్డది అన్న. నవ్విండు. "నిద్రపోయే హీరోని ఎవరు చూస్తారండీ?" అన్నడు. చిన్నసారు దగ్గరికొచ్చి మెల్లగ, "కొత్త డ్రైవర్లందరికీ మొదటి రోజు ఇదే చూపిస్తాం. వాళ్లలో కసి పుట్టాలి" అన్నడు.

గందుకే నేను అనను అన్న. తువ్వాలతోని పౌడర్ తుడుసుకొని కూసున్న.

యాదయ్యను పిలిచిండ్రు. వాడు నా దిక్కు చూసిండు. తర్వాత కెమెరా దిక్కు చూసిండు. ఒక్కసారికే చెప్పిండు బిడ్డా, కండ్లల్ల నీళ్లు తెచ్చుకొని మరీ. అందరు సప్పట్లు కొట్టిండ్రు. లైట్లు పట్టుకున్నోడు కూడ.

గుట్ట దిగుకుంట అడిగిన, ఎందుకన్నవురా అని. "మా మనుమన్ని పర్మనెంట్ నౌకరిల పెట్టుకుంటమన్నరు అన్నా" అన్నడు. సరే, కడుపు కోసం అన్నడనుకుందాం. కాని ఇంకో మాటన్నడు. "చెప్తుంటె నాకు గట్లనే అయినట్టనిపిచ్చింది." వాని పక్కన కూసొని కాపలా ఉన్నోన్ని నేను. వాని యాదిల నుంచే నన్ను తీసేసిండ్రు.

అయిపోలే. ఆ మనుమడు, సాయి, డ్రైవర్‌గ చేరిండు. మొదటి రోజు సినిమా చూపిచ్చిండ్రు. ఇప్పుడు ఇంటికొచ్చి పండుతలేడంట. బండి మీద బండి ఎక్కుతుండు. "మా తాత నడిపిండు, నేను నడపలేనా?" అంటుండంట. మొన్న యాదయ్య నా కాడికొచ్చి, నువ్వు కూసున్న ఆ కుర్చీలనే కూసొని, "అన్నా, వానికి నువ్వు చెప్పు, నా మాట వింటలేడు" అన్నడు. నువ్వు చెప్పలేవా అన్న. "నేను చెప్తే, సినిమాల అట్లెందుకన్నవు అంటుండు" అన్నడు. ఇగ నేనేం చెప్పాలె? సినిమాల లేనోన్ని. నేనెవన్నని వింటడు?

ఆ సాయి రేపు నీ కిందనే పనిచేస్తడు. గందుకే ఇదంత చెప్తున్న.

డ్యూటీల చేరిన రోజు జీతం అడగకు, కుర్చీ అడగకు. డ్రైవర్లు ఏడ పండుతరని అడుగు. నవ్వుతరు. నవ్వనీ.

"నన్ను కూడ తీసేస్తే, తాతా?"

తీసేస్తే తీసేస్తరు. అన్నం లేదంటరా ఇంట్ల? ...నువ్వు అడుగుతవో అడగవో నాకు తెల్వదు. ఒట్టు పెట్టకు, వద్దు. యాదయ్య కూడ ఒట్లు మస్తు పెట్టేటోడు.

సరే, లే. గుట్ట దిగేటప్పుడు బండి మెల్లగ నడుపు. సల్లగుండు బిడ్డా. పెద్ద కుర్చీ రానీ, పెద్ద ఇల్లు కట్టు. అన్నింటికన్న ముందు నీకు కంటినిండ నిద్ర పట్టాలె. నీ కిందోళ్లు పండుకుంటేనే పట్టాలె...