ఆగిపోయిన పచ్చబొట్టు

సమోవాలో ఒక పల్లె. పచ్చబొట్టు గురువు తువాలాకి కుడిచెయ్యి వణకడం మొదలై ఏడాదైంది. సూదుల్ని ఒంట్లోకి దించే సుత్తిని ఆయన కింద పెట్టిన రోజునే, నడుం నుంచి మోకాళ్లదాకా పొడవాల్సిన సియావోసి పచ్చబొట్టు సగంలో ఆగిపోయింది. ఇవాళ అతను మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"అయితే పార్కిన్సన్స్ కాదన్నమాట."

"కాదట. ఏడాదిపాటు ఆ మాత్రలు ఊరికే మింగాను. ఆక్లండ్ డాక్టరు స్కాన్ చూసి తలలో గడ్డ ఉందన్నాడు. అది నొక్కబట్టే ఈ వణుకూ, ఈ కాళ్లీడ్చుకుంటూ నడవడమూ."

"గడ్డా?"

"క్యాన్సర్ కాదులే. నిమ్మకాయంత. తీసేస్తే వణుకు చాలావరకు పోవచ్చట."

"ఇంత మంచి కబురు కడుపులో పెట్టుకుని మొహం వేలాడేసుకున్నారేంటి గురువుగారూ? ఆపరేషన్ ఎప్పుడు?"

"కొబ్బరికాయ కొట్టనా, తాగుతావా?"

"ఆ చేత్తోనా? మీ వేళ్లు పోతాయి. ఎప్పుడూ అంటే?"

"శుక్రవారం. నేను వెళ్లను."

"వెళ్లరా?"

"నా తలేమన్నా సీమపనసకాయా, పగలగొట్టి చూడ్డానికి?"

"మరి నా ఎడమ తొడ?"

"ఈ చేత్తోనే పొడిచేస్తాను, పడుకో."

"వద్దు మహాప్రభో. మీరు ఆఖర్న పొడిచిన గీత చూసి తుఫాను బొమ్మా అంది మా ఆవిడ."

"కొత్త ఫ్యాషనని చెప్పకపోయావా."

"నవ్వులాట కాదండీ. ఈ సగం బొమ్మ కనపడుతుందని ఏడాదిగా సముద్రంలో దిగలేదు. ఊరంతా ఈత కొడుతుంటే నేను ఒడ్డున చెప్పులకి కాపలా. నొప్పికి ఓర్వలేక మధ్యలో లేచి వెళ్లిపోయాడని మా మామ పదిమందిలో అంటున్నాడు. నాకిస్తామన్న ఇంటి పెద్దరికం కూడా ఆపేశారు."

"నీ తప్పు లేదని చెప్పాగా."

"ఎవరు వింటారు? మూడోరోజు నేను ఏడుస్తుంటే మీరే అన్నారు, సగంలో లేచినవాడికి చచ్చేదాకా తలవంపులేనని."

"అది అందరితో అనేదేరా."

"నేను మత్తు లేకుండా తొమ్మిది రోజులు పడుకున్నాను. మీకు ఒక్కరోజు, అదీ మత్తిచ్చి."

"అది వేరు."

"ఏం వేరు?"

"వేరంటే వేరే."

"భయమా గురువుగారూ? నలభై ఏళ్లుగా మగాళ్లని ఏడిపించిన మీకు?"

"పైకి చుట్టి కట్టిన ఆ చాప దించు."

"ఎందుకూ?"

"దించరా. రోడ్డుమీదకి కనపడుతుంది. ఇప్పుడు నా లుంగీ పైకెత్తి చూడు."

"గురువుగారూ... కుడి తొడమీద ఏమీ లేదేంటి?"

"నాకు పొడిచేటప్పుడు నాలుగోరోజు లేచి పారిపోయాను. పొడిచిన మా గురువుకీ, మా ఆవిడకీ తప్ప ఎవరికీ తెలీదు. శుక్రవారం కూడా పారిపోతాను, నా సంగతి నాకు తెలుసు. నువ్వొచ్చి గట్టిగా పట్టుకో."