ఎర్ర గీత ఉన్న చెట్లు

నాచారం వెనక చెట్ల తోపును జీపు క్లబ్బు సభ్యులు సెలవురోజుల్లో తామే పని చేసి, గుంతలూ మిట్టలూ ఉన్న ట్రాక్‌గా మారుస్తున్నారు. ఆ ఉదయం అద్దె జేసీబీ డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. క్లబ్బు సభ్యుడొకడు బైకు దిగి వచ్చాడు.

“అన్నా, ఇక్కడి వేపచెట్లేవి?”

“తీసేసిన సార్. తొమ్మిది. గా పక్కకు కుప్ప జేసిన.”

“అయ్యో! ఎర్ర గీత పెట్టినవి ఉంచాలి కదా!”

“ఉంచాలని నాకెవరు చెప్పలే సార్. గీతలు పెట్టినం, సూస్కో అన్నరు. సూస్కున్న.”

“నిన్న పదిమందిమి సాయంత్రం దాకా తోపంతా తిరిగి, ఏవి ఉంచాలో ఎంచి రంగు వేశాం. జీపులు ఆ చెట్ల మధ్యలోంచే వంపులు తిరగాలి.”

“పదేండ్ల సంది బండి నడుపుతున్న. రోడ్డు పనైనా, ప్లాట్ల పనైనా, గీత ఉన్నయి తీసుడే. గీత లేనిదాన్ని ముట్టుకోను.”

“ఉంచడానికి కూడా గీత పెడతారని నీకు తట్టలేదా?”

“మా అమ్మకు తట్టింది సార్. చిల్కానగర్ల మా గల్లీ వెడల్పు జేస్తమని గోడకు ఎర్ర గీత గీసిన్రు. ఇల్లు ఉంచనీకే అనుకుని దాని మీద పసుపు రాసి బొట్టు పెట్టింది.”

“తర్వాత?”

“వారం దినాలకు బండి వచ్చింది.”

క్లబ్బు సభ్యుడు కుప్పవైపు చూశాడు.

“సరే. మిగిలిన చెట్లైనా పోకూడదు. వాటికి ఏ రంగు వేయమంటావు?”

“ఏం వేయకున్రి సార్. బతుకుతయ్.”