కడగని రీలు

ఫొటో స్టూడియో ఖాళీ చేస్తూ, అక్కడ ఫొటోలు కడిగే ఆయన ఆమెకు కబురు పెట్టాడు. ఆరేళ్ల కిందట, కడగకుండా దాచమని ఆమె ఇచ్చిన రీలు డబ్బా ఆయన దగ్గరే ఉండిపోయింది.

“తీసుకెళ్లి బీరువాలో పెట్టుకో తల్లీ. కడిగించకు.”

“నువ్వేనా బాబాయ్ ఈ మాట అనేది? అప్పుడు ఒకటే పోరు పెట్టావు, కడిగించు కడిగించు అని.”

“అప్పుడన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను. పాతబడింది కదా...”

“పాడైపోయిందా?”

“పాడైందని కాదు... మీ అమ్మగారు ఎలా ఉన్నారు?”

“అలాగే ఉంది. నెలకోసారి అడుగుతుంది, చెల్లి ఫొటోలు వచ్చాయా అని. రాలేదంటాను. సరేలే, తొందరేముంది అంటుంది.”

“ఆ చివరి రోజులది ఫోన్లో ఒక్కటి కూడా లేదా?”

“మందులకి జుట్టు ఊడిపోయాక, ఫోన్ ఎత్తితే ఊరుకునేది కాదు. తీసిన మరుక్షణం లాక్కుని చూసేది, ఛీ అని చెరిపేసేది. నాన్న పాత కెమెరా బయటికి తీశాకే దారికొచ్చింది. ఇందులో అప్పటికప్పుడు చూసుకోడానికి ఏమీ ఉండదు కదా. ఇంక దాని మానాన అది నవ్వింది, వెక్కిరించింది, నా కళ్లజోడు తీసి గుండు మీద పెట్టుకుంది. ముప్ఫై ఆరూ ఒక్క సాయంత్రమే అయిపోయాయి.”

“ముప్ఫై ఆరూ...”

“ఏంటి బాబాయ్, అటు తిరిగావు?”

“ఏం లేదు. ఆ డబ్బా ఇటివ్వు.”

“ఇప్పుడేగా ఇచ్చావు.”

“అది ఖాళీ డబ్బా తల్లీ. నువ్విచ్చిన వారమే కడిగేశాను. ఉంచితే పాడైపోతుందేమోనని, నీకు తెలీకుండా కడిగి దాచిపెడదామని... నీ మాట కాదని కడిగాను.”

“ఊఁ.”

“ఒక్కటీ పడలేదమ్మా. ఫిల్ము లోపల చక్రానికి పట్టుకోలేదు. ఆ పిల్ల నవ్వినంతసేపూ అది అక్కడే ఉండిపోయింది, ఒక్క అంగుళం కదల్లేదు. ఎప్పుడు చెబుదామన్నా నీ మొహం చూస్తే నోరు రాలేదు. తిట్టు, పడతాను.”

“ఎందుకు తిట్టడం? నాకు తెలుసు.”

“ఏం తెలుసు?”

“రీలు ఎక్కించింది నేనే బాబాయ్. వెనక్కి చుట్టేటప్పుడు చేతికి బిగువే తగల్లేదు, ఫిల్ము కదల్లేదని అప్పుడే తెలిసింది. అప్పటికింకా అది బతికే ఉంది, పక్కగదిలో. ఇంకోసారి నవ్వవే అని అడగలేకపోయాను.”