ఎడమవైపు నుంచి వచ్చిన లారీ

నందిగామ దాటాక హైవేని ఆనుకుని ఉన్న బడి. ఆఖరి పీరియడ్. హెడ్మాస్టర్ గదిలో తాయారు మేడమ్, ఎదురుగా డ్రిల్లు మాస్టారు షబ్బీర్.

“కుర్చీ అటు జరుపుతున్నారేంటి మాస్టారూ?”

“ఊరికే మేడమ్. ఎండ పడతందని.”

“మీరు జరిగిన వైపే ఉంది ఎండ.”

“బెల్లు కొట్టేస్తారు మేడమ్. పిల్లల్ని రోడ్డు దాటించాలి. రేపు మాట్లాడదామా?”

“కూర్చోండి. నిన్నటి లారీ సంగతేంటో చెప్పండి ముందు.”

“ఏముంది మేడమ్, రాంగ్ రూట్లో వచ్చాడు వెధవ. నేను పిల్లలకి ముందు నిలబడి కుడివైపు చూస్తున్నా. ఎడమవైపు నుంచి హారన్ వినపడింది. విజిల్ వేశా. ఆగిపోయారు. అంతే.”

“హారన్ వినపడిందా?”

“వినపడకేం! గట్టిగానే కొట్టాడు.”

“పొద్దున ఆ డ్రైవర్ వచ్చాడు. జగ్గయ్యపేట అతను, జాన్‌బాషా అని.”

“వచ్చి?”

“ఏడ్చాడు. గరికపాడు దగ్గరే హారన్ పోయిందట. బాగుచేయించుకోకుండా వచ్చేశా, పిల్లల మీదికి పోయేవాణ్ణమ్మా అని.”

“నాకు టైమవుతంది మేడమ్, వెళ్లొస్తా.”

“మాస్టారూ, మీరు విన్న హారన్ ఎవరిది?”

“మేడమ్, ఆ తలుపు కాస్త…”

“వేసే ఉంది. చెప్పండి.”

“ఎడమ చెవి వినపడదు మేడమ్. వేసవిలో చూపించుకున్నా. ఇన్నేళ్లు విజిల్ ఊదితే ఇంతేనన్నాడు డాక్టరు. ఇంట్లో మా ఆవిడ జాకియాక్కూడా చెప్పలా.”

“రెండోది?”

“కుడిదానికేం మేడమ్! చీమ చిటుక్కుమన్నా వింటా.”

“…”

“మేడమ్?”

“నాకెందుకు చెప్పలేదు మాస్టారూ?”

“విజిల్ తీసేసుకుంటారని. విజిల్ లేని డ్రిల్లు మాస్టారేంటి, పిల్లలు నవ్వరూ?”

“నవ్వుతారని రోడ్డు మీదికి తీసుకెళ్లారా?”

“అంత మాటనకండి. లహరి ఉంది మేడమ్, ఆరో క్లాసు. లైన్లో ముందుంటది. ఎడమవైపు ఏదొచ్చినా వెనకనుంచి నా చొక్కా లాగుద్ది. నేనడగలా, దానికే అర్థమైంది. నిన్న కూడా అదే లాగింది.”

“లహరికి జ్వరం. సోమవారం నుంచి బడికే రాలా.”

“మరి… ఎవరు మేడమ్? నేను వెనక్కి తిరిగి చూళ్ళా.”

“వాళ్లలో వాళ్లు వంతులేసుకున్నారు. మాస్టారు బాధపడతారు, ఎవరికీ చెప్పొద్దని ఒట్లు. నిన్న వంతు మా అక్షయది.”

“మీ మనవరాలా?”

“లారీని చూసి బిగుసుకుపోయిందట. ఆఖర్లో చెయ్యి కదిలిందట. రాత్రి అన్నం ముట్టలా. ‘లాగకపోతే ఏమయ్యేది అమ్మమ్మా, లాగకపోతే ఏమయ్యేది’ అని ఒకటే అడగడం.”

“యా అల్లా.”

“ఆ చొక్కా పట్టుకునే చేతులు ఎంతుంటాయి మాస్టారూ?”

“మేడమ్… ఈ ఒక్క సాయంత్రం. మెడ తిప్పి రెండువైపులా చూసుకుంటా, ఒట్టు. కుడిది బాగానే ఉందిగా. రేపటినుంచి మీరేం చెబితే అది. బెల్లు కొట్టేలోపు గేటు దగ్గరుండాలి, లేకపోతే వాళ్లంతట వాళ్లే దాటేస్తారు…”

“విజిల్ ఇటివ్వండి.”

“బెల్లు కొట్టేస్తారు మేడమ్!”

“కిటికీ వైపు తిరగండి మాస్టారూ. గేటుకి తాళం వేయించా, అందరూ లోపలే నిలబడి ఉన్నారు. చీమ చిటుక్కుమన్నా వింటానన్నారే, మీరా మాట అన్నప్పుడే కొట్టారు లాంగ్ బెల్, ఈ గుమ్మం ముందే.”