ఆ పేరు ఖాళీగా లేదు

హైఫా, హదార్ పేటలో మూడో అంతస్తు వంటిల్లు. పిల్లాడు పుట్టిన ఏడో రోజు, మధ్యాహ్నం. అమ్మమ్మ గిట్టెల్, మనవరాలు రోతెమ్. రోతెమ్ పిల్లాడు పక్కనే బుట్టలో నిద్రపోతున్నాడు.

"లవీ అట, లవీ. సింహం. నాలుగు కిలోలు కూడా లేడు, సింహమట. డైపర్ మార్చేటప్పుడు గర్జిస్తాడా?"

"సరే అమ్మమ్మా, లవీ వద్దు. కొట్టేశాను. ఏరియల్?"

"అదీ సింహమే. ఈ దేశంలో మనుషుల్ని కనడం మానేశారా? కింద పార్కులోకి వెళ్ళి ఏరియల్ అని ఒక్క కేక వెయ్యి. ఉయ్యాల మీంచి నలుగురు, జారుడుబల్ల మీంచి ఇద్దరు దిగుతారు. ఒక కుక్క కూడా వస్తుంది."

"ఆదం?"

"ఆదం అంటే మనిషి. నువ్వు పిల్లిని కనలేదని మాకందరికీ తెలుసు, మళ్ళీ ప్రకటించక్కర్లేదు."

"రేపు పొద్దున పదింటికి సున్నతి. నూట పాతిక మందిని పిలిచాం. రబ్బీగారు ద్రాక్షరసం గిన్నె పట్టుకుని, పేరేమిటని యనీవ్ వైపు చూస్తారు. మా ఆయన అప్పుడేం చెప్పాలి?"

"నన్నెందుకు అడుగుతావే? సున్నతి దాకా పేరు పైకి చెప్పకూడదు. మీ మొగుడూ పెళ్ళాలు మనసులో పెట్టుకున్నదేదో రేపు చెప్పండి. నేనూ అందరితో పాటు విని మొహం మాడ్చుకుంటాను."

"మనసులో ఏం పెట్టుకున్నామో నీకు తెలుసు కాబట్టే వచ్చాను."

"నాకేం తెలీదు. ఈ చేప ముక్కలు నానబెట్టాలి, ఆ ఉల్లిపాయ ఇటివ్వు."

"అమ్మమ్మా."

"చిన్నదివ్వు. పెద్దవి కళ్ళు మండిస్తాయి."

"యెరహ్మియేల్."

"ఆ పేరు ఖాళీగా లేదు."

"అది కాదు, నేను చెప్పేది..."

"ఖాళీగా లేదన్నాను. అందులో మనిషున్నాడు. మనలో బతికున్నవాళ్ళ పేరు పసివాళ్ళకి పెట్టరు. పోయినవాళ్ళదే పెడతారు. ఇంత వయసొచ్చింది, ఇది కూడా నేనే చెప్పాలా?"

"మామయ్య ఎక్కిన ఓడ మునిగి ముప్ఫై ఎనిమిదేళ్ళయింది."

"ఓడ మునిగింది. ఓడ సంగతి నేనెప్పుడు కాదన్నాను? కావాలంటే ఓడ పేరు పెట్టుకో పిల్లాడికి."

"పంతొమ్మిది మందిలో పదకొండు శవాలు దొరికాయి..."

"ఎనిమిది దొరకలేదు. తీసివేతలు నాకు నేర్పకు. నా కొడుక్కి చిన్నప్పటినుంచీ ఆలస్యమే. పొద్దున రొట్టెకి పంపితే సాయంత్రం వచ్చేవాడు. అదీ రొట్టె లేకుండా, ఎవరిదో కుక్కపిల్లని చంకనేసుకుని."

"ముప్ఫై ఎనిమిదేళ్ళనుంచీ రొట్టెకి వెళ్ళాడా?"

"లైను పెద్దదుందేమో."

"పోయినవాళ్ళకి చేసినట్టు నువ్వు ఏడు రోజులు నేల మీద కూర్చోలేదు. ఏటేటా దీపం పెట్టలేదు. ఎండలు రాగానే మామయ్య స్వెట్టరు బాల్కనీలో ఆరేస్తావు. నేను కడుపులో ఉన్నప్పుడు, అబ్బాయైతే ఆ పేరు పెడదామని అమ్మ అడిగితే మూడు నెలలు మాట్లాడలేదట."

"రెండున్నర. మీ అమ్మకి ప్రతీదీ పెద్దది చేసి చెప్పడం అలవాటు. అదృష్టం బాగుండి నువ్వు ఆడపిల్లవయ్యావు, మళ్ళీ మాటలు కలిశాయి... ఉండు, ఫోను."

"నేను తీస్తాలే, నువ్వు కూర్చో."

"తప్పుకో. హలో? ఎవరు? ఆఁ? ఎండకి నీళ్ళు కాగే టాంకా? ఉంది బాబూ, డాబా మీద ఉంది. కొత్తది వద్దు. వద్దు నాయనా. సరే, నీకూ మంచి జరగాలి."

"మోకాళ్ళు పట్టేశాయంటావు. ఫోను మోగితే మాత్రం పరిగెడతావు."

"ఏడడుగులు. దాన్ని పరుగంటారా?"

"ఈ ఊళ్ళో తీగ ఉన్న ఫోను నీ దగ్గరుంది, మ్యూజియంలో ఉంది."

"తీసేస్తామని కంపెనీవాళ్ళు రెండుసార్లొచ్చారు. కాఫీ ఇచ్చి పంపించాను. యెరహ్మియేల్‌కి తెలిసిన నంబరు ఇదొక్కటే. నీ బోడి సెల్లు నంబరు వాడికెలా తెలుస్తుంది?"

"నేను జాలిపడి అడగట్లేదు అమ్మమ్మా. పేరు నాకు నిజంగా నచ్చింది. ప్రభుత్వం వేసే పేర్ల జాబితా చూశాను. దావీదులు, ఏరియల్‌లు బోలెడంతమంది. దీని పక్కన అంకె కూడా లేదు. మరీ తక్కువమందికి పెడితే అంకె వెయ్యరట."

"అంకె లేదంటే గొప్ప పేరని కాదు. బుద్ధున్నవాళ్ళెవరూ పెట్టలేదని."

"బ్నే బ్రాక్‌లో ఉన్నారట."

"ఎందుకుండరు, ఆ ఊరినిండా హసీదులే, పాత ఆచారాలవాళ్ళు. ముత్తాతల టోపీలూ వదల్లేదు, పేర్లూ వదల్లేదు. పోలండులో అయితే ఇలాంటి పేర్లు సందుకొకటి. రబ్బీ యెరహ్మియేల్, దర్జీ యెరహ్మియేల్, అప్పులు ఎగ్గొట్టే యెరహ్మియేల్. ఇక్కడ ఓడ దిగి, ఆ పేర్లన్నీ రేవులోనే వదిలేసి, అందరూ సింహాలూ జింకలూ అయిపోయారు. బాలబడిలో టీచరుకి ఈ పేరు నోరు తిరక్క ఏడుస్తుంది."

"యెరీ అని పిలుచుకుంటాం."

"తలనొప్పి మాత్ర పేరులా ఉంది."

"అర్థం ఎంత బాగుందో చూడు. దేవుడు కరుణిస్తాడు."

"కరుణిస్తాడు. ఎప్పుడో చెప్పలేదు. తారీఖు వెయ్యకుండా ఇచ్చిన మాట అది."

"గ్రంథంలో కూడా ముగ్గురున్నారు."

"నాకు చెబుతున్నావా? మొదటివాడు యూదా గోత్రంలో హెస్రోను పెద్దకొడుకు. పిల్లల్ని కన్నాడు, అంతే. రెండోవాడు లేవీయుడు, కీషు కొడుకు. వాడు అదైనా చేశాడో లేదో రాయలేదు. మూడోవాడు రాజుగారి కొడుకు. యిర్మీయా ప్రవక్త రాయించిన గ్రంథాన్ని రాజు ముక్కలు ముక్కలుగా కోసి కుంపట్లో వేశాడు. వేసి, వెళ్ళి ఆ ప్రవక్తనీ, రాసినవాణ్ణీ పట్టుకురమ్మని ఈ యెరహ్మియేల్ని పంపాడు."

"పట్టుకొచ్చాడా?"

"ఎక్కడ? దేవుడు దాచేశాడు వాళ్ళని. ఆ యెరహ్మియేల్ వెతికితే మనుషులు దొరకలేదు, మన యెరహ్మియేల్ని మనుషులు వెతికితే దొరకలేదు. అంత కలిసొచ్చే పేరు. కానీ ఒకటి గుర్తుపెట్టుకో. దేవుడు దాచినవాళ్ళు బతికే ఉన్నారు. అదీ రాసుంది."

"మరి మామయ్యకి ఆ పేరు ఎవరు పెట్టమన్నారు?"

"మా అమ్మ. మా నాన్న పేరు అది. పోలండులో లోడ్జ్ అనే ఊళ్ళో దర్జీ. యుద్ధంలో ఒకరోజు తీసుకెళ్ళారు, అప్పటికి నాకు రెండేళ్ళు. ఫోటో లేదు, సమాధి లేదు, పోయాడన్న కాగితమూ లేదు. పేరొక్కటే మిగిలింది. ఇక్కడికొచ్చాక మా అమ్మ ఏ ఓడ వచ్చినా రేవుకి వెళ్ళేది. దిగినవాళ్ళనందర్నీ పట్టుకుని, లోడ్జ్‌లో దర్జీ యెరహ్మియేల్ని చూశారా అని అడిగేది. వాళ్ళకి వాళ్ళ పెట్టెలే కనిపించట్లేదు, ఈవిడకి దర్జీ కావాలి. రేవు కూలీలు ఆవిణ్ణి చూస్తే పక్కకి తప్పుకునేవాళ్ళు."

"ఎన్నాళ్ళు వెళ్ళింది?"

"నాకు కొడుకు పుట్టేదాకా. ఆ రోజు ఆస్పత్రికి వచ్చి, కోటైనా విప్పకుండా, వాడి మొహం చూసి, మీ నాన్న పేరు పెట్టు అంది. అంతే. మళ్ళీ రేవు మొహం చూడలేదు."

"ఏడ్చిందా?"

"సూపులో ఉప్పు లేదని నర్సుతో పోట్లాడింది."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను, పెట్టాను. లోపల మాత్రం ఉడికిపోయాను. ఇరవయ్యేళ్ళు ఎదురుచూసిన మనిషిని అంత తేలిగ్గా ఎలా వదిలేసుకుందని. ఆవిడ పోయేదాకా ఆ కోపం నాలో అలాగే ఉంది. ఇప్పుడివన్నీ నాచేత ఎందుకు చెప్పిస్తున్నావే? పొయ్యిలో కేకు సంగతి చూడు, మాడుతోంది."

"మాడట్లేదు. ఇప్పుడు నేను చెప్పేది పూర్తిగా విను. మధ్యలో వెటకారం చెయ్యకూడదు."

"మాటివ్వలేను."

"యనీవ్ వాళ్ళది మొరాకో నుంచి వచ్చిన కుటుంబం కదా. వాళ్ళలో బతికున్నవాళ్ళ పేరే పెడతారు. అదే గౌరవం."

"తెలుసు. మీ మామగారు మఖ్లూఫ్. ఆయన పెద్దకొడుకు కొడుకు మఖ్లూఫ్, రెండోవాడి కొడుకూ మఖ్లూఫే. శుక్రవారం రాత్రి మఖ్లూఫ్ అని పిలిస్తే ముగ్గురు కంచాలు పట్టుకొస్తారు."

"అందుకే నాలుగో మఖ్లూఫ్ వద్దు, మీకు నచ్చింది పెట్టుకోండన్నారు మామగారు."

"బుద్ధిమంతుడు."

"కాబట్టి వాళ్ళ పద్ధతిలో పెడదాం. తల్లి మేనమామ పేరు, ఆయన బతికుండగానే. రబ్బీగారితో మాట్లాడేశాను. రేపు చదివే కాగితంలో 'ఆయురారోగ్యాలతో ఉన్న యెరహ్మియేల్ పేరు మీద' అని రాయించాను. అప్పుడు ఎవరూ పోయినట్టు కాదు. నువ్వు దీపం పెట్టక్కర్లేదు. స్వెట్టరు ఆరేసుకో, ఫోనుకి పరిగెత్తు, ఎవరూ ఏమీ అనరు."

"రబ్బీగారిని కూడా పడగొట్టేశావన్నమాట."

"చీజ్ కేకు పట్టుకెళ్ళాను."

"నేను చేసిందా, కొట్లో కొన్నదా?"

"నువ్వు చేసిందే."

"ఒప్పుకోక ఛస్తాడా మరి."

"నీకిష్టమేనా? రేపు మామయ్య వచ్చి తలుపు కొట్టినా, నా పేరెందుకు తీసుకున్నారని అడగడు. సంతోషిస్తాడు."

"అరవయ్యేళ్ళ మనిషొచ్చి తలుపు కొడతాడు."

"ఆఁ?"

"అరవై నిండేవి మొన్న వసంతానికి. వాళ్ళ నాన్నలాగే బట్టతల వచ్చేసుండేది. పొట్ట కూడా. ఆ స్వెట్టర్లో తల కూడా దూరేది కాదు వాడికి."

"అమ్మమ్మా, ఏడుస్తున్నావా?"

"ఉల్లిపాయ. చిన్నదివ్వమంటే పెద్దదిచ్చావు. పిల్లాడు లేచినట్టున్నాడు, ఇలా ఇవ్వు. నా చేతులు చేప కంపు, తువ్వాలు వెయ్యి ముందు. ఆఁ, రా నాయనా, రా. చూడవే, నన్ను చూసి మొహం చిట్లిస్తున్నాడు. వీడు మనవాడే."

"ఫోను మోగుతోంది అమ్మమ్మా."

"మోగనీ."

"ఫోను, అమ్మమ్మా. ఇంటి ఫోను."

"విన్నాను. చెవుడేం రాలేదు నాకు."

"ఆగట్లేదు. నేను వెళ్ళి తియ్యనా?"

"కూర్చో. ఎవరైనా సరే, నా చేతుల్లో పిల్లాడున్నాడు. నువ్వు యనీవ్‌కి చెప్పు, రబ్బీగారి దగ్గరున్న ఆ కాగితం చింపెయ్యమని."

"అంటే... పేరు వద్దంటావా?"

"పేరు అదే. మొరాకో పద్ధతి వద్దు రోతెమ్. మన పద్ధతిలో పెట్టండి."