హాలు ఖాళీ చేసిన సాయంత్రం

మతిమరుపు వచ్చిన పెద్దవాళ్లను పగటిపూట కనిపెట్టుకుని ఉండే ఆ పేట సేవాసంఘం ఆ రోజుతో హాలు ఖాళీ చేస్తోంది. అత్తగారిని తీసుకెళ్లడానికి వచ్చిన కోడలు, సంఘం నడిపే ఆవిడతోబాటు కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తోంది.

“ఇంకెక్కడా చోటు దొరకలేదా అక్కా?”

“అడగని గుమ్మం లేదమ్మా. పెద్దవాళ్లు జారిపడితే తమ మీదికొస్తుందని అందరికీ భయం. ఈ హాలాయన కొడుకేమో జిమ్ పెడతాడట.”

“పెట్టుకోనీ. వాళ్ల కండలు పెరగాలి కదా, మన బతుకులు ఏమైతేనేం!”

“మీ ఆయన ఉండలేడా ఇంట్లో?”

“లారీ ఎక్కితే వారానికి గానీ దిగడు. నేను కుట్టుపనికి వెళ్లకపోతే పొయ్యి వెలగదు.”

“మరి అత్తయ్యగారు?”

“గ్యాసు కట్టేసి, బయట తాళం వేసి వెళ్తాను.”

“అయ్యో, అదేం మాటమ్మా! పక్కింటివాళ్లని అడగరాదూ?”

“మీ సంఘం వచ్చాకే కదక్కా వాళ్లు మా గడప తొక్కింది! ఇక్కడ నలుగురు పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి వాళ్లూ వంతులేసుకుని వచ్చి కూర్చున్నారు. ఒక్కళ్లనే చూడమంటే ఎవరు చూస్తారు?”

“అత్తయ్యగారికి చెప్పావా, రేపటినుంచి ఇది ఉండదని?”

“పొద్దున్నుంచీ చెబుతూనే ఉన్నాను. చెప్పిన ప్రతిసారీ అప్పుడే విన్నట్టు ఏడుస్తోంది. కాసేపటికి మర్చిపోతోంది.”

“పోనీలే, మర్చిపోవడమే మంచిది.”

“ఏం మంచిదక్కా? రేపు పొద్దున్నే చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి, ‘పద, ఆలస్యమైంది’ అంటుంది. మళ్లీ చెప్పాలి. ఆ ఏడుపు ఆగకముందే తాళం వెయ్యాలి.”