ఎరుపు కానని రీలు

"ఫొటో మల్లన్న ఉన్నడా లోపట? డబ్బ వట్టుకొని జల్ది బయటికి రమ్మను."

గీ కేక, బిడ్డా, మా సందు మొగదలకెల్లి ఇనవడ్డది. ఇప్పుడు గాదు, ఎప్పటి ముచ్చటనో. నువ్వు గా అటక మీదికెల్లి బాక్సు కెమెరా దించి, దుమ్ము దులిపి, "కాకా, ఇది ఇంక పని చేస్తదా, ఇండ్ల ఏ రీలు ఏస్తుంటివి?" అని అడిగినవు సూడు, నాకు ముందుగాల యాదికొచ్చింది గా కేకనే.

పని చేస్తది. ఎందుకు చెయ్యదు? ఒక అద్దం, ఒక రేకు మూత, పక్కకు తిప్పే చావి ఒకటి. ఖరాబు గానీకి అండ్ల ఏమున్నది? మనిషి ఖరాబైతడు గని డబ్బ గాదు. జర ఇటియ్యి. ఎంత తేలిక సూడు. గప్పుడు ఇదే నాకు మోట బొక్కెన లెక్క బరువుండె. ఉత్తగ బరువు గాదు, ఇజ్జత్ బరువు. బెల్లంపల్లిల కెమెరా ఉన్న మనుషులు నాకు తెల్సి ముగ్గురే. ఇద్దరు బొగ్గుబాయి దొరలు, మూడోది నేను.

నేను ఏడో తరగతి సదివిన, గది గూడ ఉర్దూలనే. బాపు నన్ను బాయి పనికి పెడ్తనన్నడు, నేను కరీంనగర్ ఉర్కిన. ఆడ ఒక ముసలి ఉస్తాద్ దగ్గర మూడేండ్లు గిన్నెలు కడిగిన. అంటె బువ్వ గిన్నెలు గాదు, ఫొటోలు కడిగే గిన్నెలు. అవ్, మొదట బువ్వ గిన్నెలు గూడ కడిగిన, అబద్ధమెందుకు. ఉస్తాద్ ఒక్కటే చెప్పెటోడు. రీలుకు గూడ కండ్లుంటయిరా, దాని కండ్లకు ఏం కానొస్తదో, ఏం కానరాదో ముందు తెలుసుకో, మనిషిని తర్వాత సూడు అని.

గప్పుడు రెండు తీర్ల రీళ్లొచ్చేటియి. ఆర్థో అని ఒకటి, పాన్ అని ఒకటి. ఆర్థోకు ఎరుపు కానరాదు. ఆకుపచ్చ కానొస్తది, నీలం కానొస్తది, ఎరుపు మాత్రం దానికి ఒట్టి చీకటే. గందుకనే దాన్ని ఎర్రదీపం కింద కడుగొచ్చు. కండ్లతోని సూసుకుంట, సరిపోయిందనంగనే తీసెయ్యొచ్చు. పాన్ అట్ల గాదు. దానికి అన్ని రంగులు కానొస్తయి, ఎర్రదీపం గూడ. గుడ్డి చీకట్ల కడగాలె, లెక్క తప్పితె రీలు మొత్తం నాశినం. పైకెల్లి ధర ఎక్కువ. హైదరాబాద్ పోయి తేవాలె, కల్దారు, అంటె ఇంగ్లీషోల్ల రూపాయలే ఇయ్యాలె, మన నిజాం హాలి రూపాయి ఇస్తె దుకాండ్లోడు మొకం తిప్పుకునేటోడు. నవ్వుతున్నవా? రూపాయికి గూడ కులముండె బిడ్డా గప్పుడు.

మరి ఆర్థోల ఎరుపు ఏమైతదంటవు? నల్లగ వస్తది. పెదవులు నల్లగ, ఎర్రచీర నల్లగ, కుంకుమ బొట్టు బొగ్గు లెక్క. జనం దాన్ని పట్టించుకోలే. ఫొటో అంటెనే నలుపు తెలుపు గద అనుకున్నరు. నేను గూడ ఒకటి ఖరారు చేస్కున్న. బాయి కూలోల్లుండే లైన్ల పెండ్లిండ్లకు ఆర్థో, దొరల బంగ్లలకు పాన్. గిది నా కానూను. ఎవలు అడుగలే, ఎవలు రాయలే, నేనే వెట్టుకున్న.

ఇగ ఓదెలు పెండ్లి. పోలీస్ యాక్షన్ అయ్యి ఐదేండ్లో ఆరేండ్లో అయినట్టుండె. ఓదెలు మా లైన్ల పిలగాడే. నర్సయ్య, లచ్చవ్వలకు ఒక్కడే కొడుకు, బాయిల బొగ్గు టబ్బులు నూకేటోడు. పిల్ల ఖానాపూర్ దిక్కు, పేరు కనకవ్వ. తల్లి లేదు, ఒక అన్న ఉంటె వాడు పెండ్లి చేసి చేతులు దులుపుకున్నడు. నన్ను ఫొటోకు పిలిసిండ్రు. గా పొద్దు నా పెట్టెల రెండు రీళ్లున్నయి. ఒక ఆర్థో, ఒక పాన్. పాన్ ఎందుకు దాపెట్టిననంటె, బంగ్ల దొరసాని తన గులాబి తోట ఫొటోలు తియ్యమన్నది. ఎర్ర గులాబీలు నల్లగ వస్తె ఊకుంటదా ఆమె?

నేను ఓదెలు పెండ్లికి ఆర్థో వట్కపోయిన.

ఫొటో మంచిగనే వచ్చింది. ఓదెలు నుదుట గంధం బొట్టు, అది తెల్లగ మెరిసింది. కనకవ్వ నుదుట పావలా అంత కుంకుమ, అది కుండ అడుగు లెక్క నల్లగ. పెన్సిల్‌తోని నెగటివు మీద జర దిద్దితె తేటగ అయితుండె. దిద్దలే. లైన్ల ఫొటోకు గంత అవసరమా అనుకున్న. లచ్చవ్వ దాన్ని అద్దం కట్టించి గోడకేసి, వచ్చినోల్లందరికి సూపెట్టింది. నా కోడలు సూడు, నా కొడుకు సూడు అని. ఆర్నెల్లు సూపెట్టింది.

ఆర్నెల్లకు బాయిల పైబండ పడ్డది. ఓదెలు మీదనే పడ్డది.

ఏం చెప్పాలె బిడ్డా. బాయి సైరన్ కూత ఏళ గాని ఏళల మొత్తుకుంటె లైన్లు లైన్లు ఉర్కుతయి, ఎవని ఇంటికి వచ్చిందో అని. గా దినం లచ్చవ్వ ఇంటికొచ్చింది.

పదో దినం పొద్దుగాల్ల కనకవ్వ గాజులు తీసిండ్రు, బొట్టు తీసిండ్రు. ఇంటెనుక ఇస్తారిల బువ్వ వెట్టి పిట్ట కోసం నిలవడ్డరు. నీకెర్కనే గద, పిట్ట ముడితెనే సచ్చినోని పానం సల్లవడ్డట్టు. గప్పటిదాంక ఇంట్ల ఎవలు ముద్ద ముట్టరు. పొద్దు నెత్తి మీదికొచ్చింది, పిట్ట రాలే. రెండు కాకులు కరెంటు తీగ మీద కూసున్నయట గని దిగలేదట. గప్పుడు లచ్చవ్వ చెల్లె, పెద్దపల్లి కెల్లి వచ్చిన ఆమె, గోడ మీది ఫొటో తీసుకొచ్చి నడి వాకిట్ల వెట్టింది. అక్కా, సూడే, నీ కొడుకు బొట్టు తెల్లగ, నీ కోడలు బొట్టు నల్లగ, పెండ్లినాడే వానికి సావు రాసిపెట్టుకొని వచ్చింది ఇది, ఇది ఇంట్లుంటె పిట్ట ఎట్ల దిగుతది అన్నది.

ఇగ అంతే. ఆర్నెల్లు ఎవలికి కానరాని నలుపు ఒక్కపారి అందరికి కానొచ్చింది. బట్టలు సదురుకో, సందెలోపట ఖానాపూర్ బండెక్కు అన్నరు పిల్లను. అన్న ఇంటికి పోతె వాడు గడప తొక్కనియ్యడని అందరికెర్కనే. పోతె యాడికి పోతది? లచ్చవ్వ అవ్ అనలే, వద్దనలే. ఫొటోగ్రాఫర్‌ను పిలువుండ్రి, వాడే చెప్పాలె అన్నదట. గట్ల వచ్చింది గా కేక.

నేను పోయిన. వాకిలి నిండ జనం. అందరు పరగడుపున ఉన్నరు, పొద్దటి కెల్లి ఏడ్సి ఏడ్సి కండ్లు ఉబ్బినయి. నేను చెప్పిన, అమ్మా, ఇది పిల్ల దోసం గాదు, రీలు దోసం, దానికి ఎరుపు కానరాదు అని. లచ్చవ్వ చెల్లె నవ్వింది. ఇంత పెద్ద బొట్టు కానరాని రీలుకు నా అక్క కొడుకు ముక్కు మీది మచ్చ ఎట్ల కానొచ్చిందిరా అన్నది. నా ఏడో తరగతి సదువు గాడ ఆగిపోయింది.

గప్పుడు నాకు ఉపాయం తట్టింది. మల్ల నేను హుషారోన్ని గద. కెమెరాల అదే తీరు రీలున్నది, అందర్ని నిలవెట్టి ఇప్పుడే ఒక ఫొటో తీస్త, కడిగి తెస్త, మీ బొట్లు ఏ రంగున వస్తయో మీరే సూడుండ్రి అన్న. నర్సయ్య తలకాయ ఊపిండు. ఆడోల్లందరు గోడకు ఆనుకొని నిలవడ్డరు. దుఃఖం దుఃఖమే గని, డబ్బ ముంగట ఒక్కొక్కరు కొంగు సదురుకున్నరు, ఒకామె ఎంటికలు దువ్వుకున్నది. మనుషులం గద. నేను గాడికే ఊకుంటె అయిపోతుండె. గని కనకవ్వను గూడ పిలువుండ్రి, అందరు పక్కపక్కన ఉంటెనే తేట తెలుస్తది అన్న.

పిల్ల ఇంట్లకెల్లి బయటికి వచ్చింది. నుదురు ఖాళీ.

పొద్దుగాల్లనే తీసిండ్రని నాకెర్కనే, బిడ్డా. మర్సిపోయిన. నా తెలివి సూపెట్టుకునే తొందరల మర్సిపోయిన. వద్దు, లోపటికి పో చెల్లె అనలే నేను. ఆమె పోయి వరుస చివర నిలవడ్డది. నేను డబ్బ రొమ్ముకు ఆనిచ్చి, ఊపిరి వట్టి, చావి తిప్పిన.

ఉర్కుకుంట ఇంటికొచ్చి ఎర్రదీపం ముట్టిచ్చి కడుగుడు వెట్టిన. నెగటివుల అంతా ఉల్టా ఉంటది, తెలుపు నల్లగ, నలుపు తెల్లగ. ఒక్కొక్క మొకం మెల్లగ తేలుతున్నది. అందరి నుదుట బొట్టు కాడ ఏం లేదు, ఒట్టి బోడి ఫిలిం, అవతలి దిక్కు నా వేలు కానొస్తున్నది. కనకవ్వ నుదుటికి మాత్రం ఏ కంత లేదు. తీస్కపోవాలెనా వద్దా? తీస్కపోకపోతె పిల్ల బండెక్కుతది. తీస్కపోతె... ఇగ స్పిరిట్ రాసి ఆరబెట్టి, కాయితం మీదికి దించి, తడితోనే వట్కపోయిన. రెండు గంటలు వట్టింది. ఇంక పిట్ట ముట్టలే, ఎవలు తినలే.

ఫొటో చేతులు మారింది. అందరి బొట్లు నల్లగ. లచ్చవ్వది నల్లగ, పెద్దపల్లి ఆమెది ఇంక నల్లగ. ఆమె కొంగుతోని నుదురు తుడుచుకోబోయి, మల్ల భయపడి చెయ్యి దించింది. మసి పూసి తెచ్చిండు వీడు అన్నది. గప్పుడు నర్సయ్య, పది దినాల కెల్లి నోరిప్పని మనిషి, మెల్లగ అన్నడు.

"లచ్చీ, నీ బొట్టు గూడ నల్లగనే వచ్చింది. నేను బతికే ఉన్న గదనే."

లచ్చవ్వ ఫొటోను కండ్ల దగ్గరికి వట్టుకున్నది. తన బొట్టు సూసుకోలే ఆమె. వరుస చివరికి సూసింది. ఇంతమంది నల్ల బొట్లల్ల ఒక్క నుదురే తేటగ, సున్నం ఏసిన గోడ లెక్క. దాని మీద బొటనవేలు వెట్టి, తుడిస్తె పోతదేమో అన్నట్టు రుద్దింది. తడి కాయితం, జర మరక అయ్యింది. పొద్దటి కెల్లి ఏడ్సిన ఏడుపు ఒకటి, గప్పుడు ఆమె ఏడ్సింది ఒకటి. నేను ఎన్నడు ఇనలే గసుంటి ఏడుపు.

జర సేపయినంక లేసి మొకం కడుక్కున్నది.

"కనకవ్వా, ఇస్తార్లు కడుగు బిడ్డా. అందరం తిందాం" అన్నది.

పిట్ట ఇంక రాలే. నర్సయ్య గా బువ్వ ఎత్తి ఆవుకు వెట్టిండు. పిట్ట ముట్టకపోతె ఆవుకు వెట్టొచ్చని పెద్దలు చెప్తరు. మరి పొద్దుగాల్లనే ఎందుకు యాదికి రాలేదో ఎవలికి.

నేను పోతనంటె నర్సయ్య రెక్క వట్టి కూసోవెట్టిండు. వరుసగ ఇస్తార్లు ఏసిండ్రు. కనకవ్వ చెంబు వట్టుకొని నీళ్లు పోసుకుంట వచ్చింది. నా దగ్గరికి వచ్చి వంగి, ఎవలికి ఇనవడకుంట అడిగింది.

"మల్లన్నా, ఎరుపు కానొచ్చే రీలు ఉంటదా యాడనన్న?"

నా పాన్ రీలు గప్పటికి గులాబీలు తీసి వచ్చింది బిడ్డా. ఎర్ర గులాబీలు ఎంత ముద్దుగొచ్చినయో, దొరసాని మెచ్చుకొని కప్పు సాసరు ఇప్పిచ్చి చాయి తాపింది. పెండ్లినాడు గా రెండు రీళ్లు ఒకే పెట్టెల పక్కపక్కన ఉండె. నా చెయ్యి ఒకదాని మీదికి పోయింది, ఇంకోదాని మీదికి పోలే.

"లేదు చెల్లె" అన్న. "గసుంటిది ఇంక రాలే."

"అట్లనా. మరి నీ తప్పేమున్నదన్నా" అన్నది. నా గిలాసల నీళ్లు పోసింది.

అటెన్క ఆమె గా ఇంట్లనే ఉన్నది. లచ్చవ్వను పానం పోయేదాంక సాకింది, నర్సయ్యను సాకింది. నన్ను యాడ సూసినా అన్నా అనే పిలిసింది. నిజం చెప్దామని ఎన్నిసార్లు అనుకున్ననో. ఎర్రదీపం కింద కడిగే ఆర్థో రీలు మల్ల ముట్టలే, గులాబీల ఫొటోలు తియ్యలే. గని అండ్ల ఏమున్నది? పోయిన బొట్టు తిరిగి వస్తదా? మనుషులకు గూడ ఏదో ఒక రంగు కానరాదు, ఎప్పుడు ఏది కానరాదో ఆల్లకే తెల్వదు. నీ కండ్లు సల్లగుండ బిడ్డా, నీకు అన్ని కానరావాలె. గా డబ్బ నువ్వే తీస్కో. నాకెందుకింక.

ఏమంటున్న... ఆ, బువ్వ. పప్పుచారు, తునకల కూర పోసిండ్రు. అందరు ఇస్తార్ల ముంగట కూసున్నరు. కనకవ్వ వరుస చివర కూసోవోతె లచ్చవ్వ చెయ్యి వట్టి తన పక్కకు గుంజుకున్నది. ముందుగాల నర్సయ్య ముద్ద తీసిండు. తర్వాత అందరం.